మంచం దిగక ముందు ఒక్క నిమిషం

చంపాపేట్ చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి వైపు వెళ్లే దారిలో ఫంక్షన్ హాళ్లు ఎక్కువ. లగ్గాల సీజన్ వచ్చిందంటే సాయంత్రం ఆరు దాటాక బండి ముందుకు కదలదు. ఆ హాళ్లలో తలంబ్రాలు పోసుకున్న జంటలకు ఏడాది తిరక్కుండానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఏం బిడ్డా, ఏమన్న విశేషమా?" అడిగేవాళ్లకు అది పలకరింపే. రెండేళ్లు, మూడేళ్లు అదే మాట వింటూ వచ్చిన అమ్మాయికి మాత్రం బోనాలకు పుట్టింటికి పోవాలన్నా, బతుకమ్మ చుట్టూ నలుగురితో తిరగాలన్నా జంకు. అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోయి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు ఎక్కితే మెట్రో స్తంభాల వెంట సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనిపిస్తాయి. బోసినవ్వుల పసిపాప బొమ్మ, కింద ఫోన్ నంబరు.

పెళ్లి పందిరికీ ఆ బోర్డుకీ మధ్య ఇంట్లోనే చేసుకోదగ్గ పని ఒకటుంది. దానికి కావలసింది మెడికల్ షాపులో రెండు మూడొందలకు దొరికే డిజిటల్ థర్మామీటరు, ఒక నోటుపుస్తకం. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగక ముందే, నీళ్లు తాగక ముందే, పక్కవాళ్లతో మాట్లాడక ముందే థర్మామీటరును నాలుక కింద పెట్టుకుని, వచ్చిన అంకె రాసుకోవడం. రోజూ అదే వేళకు. రెండు మూడు నెలలు అలా రాస్తే చాలామంది ఆడవాళ్లకు అండం విడుదలవుతున్నదీ లేనిదీ, అవుతుంటే నెలలో ఏ రోజుల్లో అవుతున్నదీ తెలిసిపోతుంది.

చెప్పడానికి సులువే. చంపాపేట్ ఇళ్లలో తెల్లవారుజాము అంత తీరిగ్గా ఉండదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా చీకటితోనే వచ్చిందంటే బిందెలు, డ్రమ్ములు, సంపు మోటారు అంటూ ఇల్లాలే ముందు లేవాలి. పిల్లల్లేని కోడలైతే ఆ పని మరీ ఆమెదే. గచ్చిబౌలి వైపు నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయిని క్యాబ్ దింపేసరికి తెల్లారుతుంది. ఆమె నిద్రపోయేది మిగతా ఇల్లు లేచాక. ఇలాంటి జీవితాల్లో "రోజూ ఒకే వేళకు" అన్న షరతే అన్నిటికన్నా కష్టమైనది. అందుకు ఒక సవరణ ఉంది. గడియారంలో వేళ కంటే నిద్ర ముఖ్యం. కనీసం మూడు నాలుగు గంటలు ఏకధాటిగా పడుకున్నాక, లేవకముందు చూసుకున్న అంకెను నమ్మవచ్చు. నల్లా కోసం లేవాల్సిన రోజున లేచే ముందే చూసుకుని, పక్కన "నల్లా" అని రాసుకుంటే సరిపోతుంది. జ్వరం, సరిగా పట్టని నిద్ర, ప్రయాణం, రాత్రంతా ముఖానికి కొట్టిన కూలర్ గాలి, వీటిలో ఏది ఉన్నా రాసుకోవాలి. ఆ రోజు అంకె తేడాగా ఉంటే లెక్కలోంచి తీసేయాలి.

గీత ఎలా ఎక్కుతుంది

ఒక నోటుపుస్తకం పేజీ ఎలా ఉంటుందో ఉదాహరణకు చూద్దాం. రోజువారీ అంకెలను చుక్కలుగా పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది. డేట్ వచ్చిన రోజును ఒకటిగా లెక్కపెట్టాలి. ఆ వారం, తర్వాతి వారం అంకెలు 97.2, 97.4, 97.1, 97.3 ఇలా కిందనే ఊగిసలాడతాయి. పదహారో రోజు దాకా 97.4 దాటలేదనుకుందాం. పదిహేడో రోజు 97.8 చూపింది. పద్దెనిమిదిన 97.9, పంతొమ్మిదిన కూడా 97.9. వెనక ఆరు రోజుల్లోని ఏ అంకెకన్నా ఈ మూడూ పైన ఉన్నాయి. ఇలా ఆరు రోజుల మీద మూడు రోజులు వరసగా నిలబడితే అండం అప్పటికే విడుదలైపోయినట్టు లెక్క. చాలావరకు ఆ పెరుగుదలకు ఒకటి రెండు రోజుల ముందే. అక్కడి నుంచి అంకెలు పైనే ఉండి, మళ్లీ డేట్ వచ్చే ముందు లేదా ఆ రోజుకు కిందికి దిగుతాయి. దిగకుండా పద్దెనిమిది రోజులకు పైగా అక్కడే నిలిస్తే గర్భ పరీక్ష చేసుకోవచ్చు.

ఆ పెరుగుదల చాలా చిన్నది. ఫారన్‌హీట్‌లో 0.4 నుంచి ఒక డిగ్రీ వరకు. మన ఇళ్లలో వాడే ఫారన్‌హీట్ డిజిటల్ థర్మామీటరులో చుక్క తర్వాత ఒక్క అంకె ఉన్నా, ఆ తేడా పట్టుబడుతుంది. సెల్సియస్‌లో చూసేవాళ్లకు చుక్క తర్వాత రెండంకెలు చూపేది కావాలి. కొవిడ్ కాలంలో కొని బీరువా మీద పడేసిన నుదుటి గన్ మాత్రం ఈ పనికి పనికిరాదు. థర్మామీటరును నెల మధ్యలో మార్చకూడదు. రెండు థర్మామీటర్ల మధ్య ఉండే తేడాయే ఒక్కోసారి ఈ పెరుగుదలంత ఉంటుంది.

ఎందుకు పెరుగుతుందంటే, అండం బయటపడ్డాక అండాశయంలో మిగిలిన గూడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును వదులుతుంది. మెదడులో ఒంటి ఉష్ణోగ్రతను నిలిపి ఉంచే భాగం దాని ప్రభావంతో కొంచెం పై మెట్టుకు సర్దుకుంటుంది. గర్భసంచి లోపలి పొరను పిండం కోసం సిద్ధం చేసేదీ ఆ హార్మోనే. గర్భం నిలవకపోతే పన్నెండు పధ్నాలుగు రోజుల్లో ఆ గూడు వడలిపోతుంది, హార్మోను తగ్గుతుంది, డేట్ వస్తుంది. మన ఇళ్లలో "ఒంట్లో వేడి" అని భయపడే దానికీ ఈ అర డిగ్రీకీ సంబంధం లేదు. సబ్జా నీళ్లు తాగి దించాల్సింది కాదిది. ఆ వేడి ఉందంటే ఒళ్లు తన పని తాను చేసిందని అర్థం.

అమ్మాయిల చదువు కోసం మొదలైన లెక్క

ఈ కొలత చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం 1876 నాటిది. అంతకు మూడేళ్ల ముందు బోస్టన్‌లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే నెలసరి దెబ్బతిని పిల్లలు పుట్టకుండా పోతారని అందులో వాదించాడు. మేరీ పట్నం జాకోబీ అనే వైద్యురాలు ఊరికే కోపగించుకోలేదు. ఆడవాళ్లను ప్రశ్నలడిగి, నాడి, ఒంటి వేడి, కండబలం కొలిచి పట్టికలు తయారుచేసింది. నెలసరికి ముందు రోజుల్లో వేడి కాస్త పెరుగుతుందని అందులో గమనించింది. నెలసరి వచ్చిందని ఆడది చదువు మానక్కర్లేదని తేల్చిన ఆ వ్యాసానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయం బాయిల్‌స్టన్ బహుమతి ఇచ్చింది. జాకోబీ చదివిన ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలోనే తర్వాత మన ఆనందీబాయి జోషి చదివి 1886లో డాక్టరై వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పొద్దున్నే పుస్తకాల సంచులతో మెట్రో దిగే అమ్మాయిలను చూసినప్పుడు, ఆ పట్టికలు వీళ్ల కోసం వేసినవే కదా అనిపిస్తుంది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 20వ శతాబ్దం తొలి దశకంలో డచ్ వైద్యుడు వాన్ డి వెల్డే ఆ వేడి రెండు మెట్లుగా ఉంటుందని చూపాడు. 1924లో జపాన్‌లో క్యుసాకు ఒగినో, కొద్ది ఏళ్ల తర్వాత ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్, అండం విడుదలను వెనకనుంచి లెక్కపెట్టాలని, అంటే రాబోయే డేట్‌కు సుమారు రెండు వారాల ముందని తేల్చారు. 1930లలో విల్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ క్రైస్తవ మతగురువు ఈ థర్మామీటరును గర్భం రాకుండా చూసుకునే పద్ధతిగా మలిచాడు.

మన దేశంలో ప్రభుత్వమే ఇలాంటి ప్రయోగం చేసిన సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్‌కు మందులతో, పరికరాలతో కుటుంబ నియంత్రణ నచ్చేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపిన డాక్టర్ అబ్రహం స్టోన్ సలహాతో 1952లో ఢిల్లీలోని లోధీ కాలనీలోనూ, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ రోజుల లెక్క పద్ధతిని నేర్పారు. అవును, తర్వాత షోలే తీసిన రామనగరమే. చదువురాని ఆడవాళ్ల కోసం పూసల దండలు చేయించి ఇచ్చారు. భయం లేని రోజులకు ఆకుపచ్చ పూస, గర్భం వచ్చే రోజులకు ఎర్ర పూస, రోజుకొకటి జరపాలి. రాత్రి దీపం లేని ఇంట్లో రంగు తెలియదు. మరిచిపోయిన రోజున లెక్క తప్పుతుంది. పైగా ఎర్ర పూస రాత్రి వద్దనే అధికారం ఆమెకు ఇంట్లో లేదు. పద్ధతి నిలబడలేదు. దండ తయారుచేసినవాళ్లు మొగుణ్ని లెక్కలోకి తీసుకోలేదన్నదే అందులో అసలు లోపమని నా అభిప్రాయం. డెబ్బై ఏళ్ల తర్వాత థర్మామీటరు విషయంలోనూ అదే జరుగుతోంది.

పద్నాలుగో రోజు అనే భ్రమ

పెద్దవాళ్ల నోట ఒక లెక్క ఉంటుంది. ధర్మశాస్త్రాల్లో నెలసరి మొదలైన నాటి నుంచి పదహారు రాత్రులు ఋతుకాలమన్నారు. మొదటి నాలుగూ వదిలేయమన్నారు. థర్మామీటరు లేని కాలంలో అది నిజానికి చాలా దగ్గరగా వచ్చిన లెక్కే. సరి రాత్రి అయితే మగపిల్లాడు, బేసి అయితే ఆడపిల్ల అన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. ఇప్పటి తరానికి ఇంకో లెక్క అబ్బింది. ఫోన్‌లో యాప్ చూపే పద్నాలుగో రోజు. ఇరవై ఎనిమిది రోజులకు ఠంచనుగా డేట్ వచ్చేవాళ్లకే అది కొంతైనా పొసుగుతుంది. ముప్పై అయిదు రోజులకు వచ్చే అమ్మాయికి ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతుంది. అది తెలియక పద్నాలుగో రోజునే పట్టుకుని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

గర్భం ఏ రోజుల్లో వస్తుందో కచ్చితంగా తేల్చింది అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం. గర్భం కోసం చూస్తున్న 221 మంది మహిళల మూత్రాన్ని రోజూ పరీక్షించి 1995లో ఫలితం ప్రకటించారు. గర్భం వచ్చే వీలున్నవి ఆరు రోజులే. అండం విడుదలైన రోజు, దాని ముందు అయిదు రోజులు. అయిదు రోజుల ముందు కలిస్తే అవకాశం పదింట ఒకటి, విడుదల రోజున మూడింట ఒకటి. మర్నాటికి ఏమీ లేదు. వీర్యకణాలు ఆడవాళ్ల ఒంట్లో అయిదు రోజుల దాకా బతకగలవు, అండం ఒక్క రోజుకు మించి బతకదు. 2000లో అదే బృందం మరో సంగతి చెప్పింది. ఆ ఆరు రోజులూ పూర్తిగా పదో రోజుకూ పదిహేడో రోజుకూ మధ్యనే పడేది నూటికి ముప్పై మంది ఆడవాళ్లకే.

థర్మామీటరు గురించి నిజాయితీగా చెప్పాల్సిన మాట ఇక్కడే ఉంది. అది అయిపోయిన సంగతి చెబుతుంది. అంకె పెరిగిందని పదిహేడో రోజు పొద్దున తెలిసేసరికి మంచి రోజులు దాటిపోయి ఉంటాయి. "ఇవాళ పెరిగింది, త్వరగా ఇంటికి రా" అని భర్తకు ఫోన్ చేయడం వల్ల లాభం లేదు. అలా ఫోన్ చేసే అమ్మాయి తెలియక అనవసరమైన ఒత్తిడి నెత్తినేసుకుంటోంది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు అండం విడుదలను ముందుగా పసిగట్టడానికి ఉష్ణోగ్రత పట్టికలను నమ్ముకోవద్దనే చెబుతున్నాయి. పిల్లలు కావాలనుకునే జంట రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలని అవే చెబుతాయి. అలా ఉండగలిగితే ఆరు రోజులు ఎక్కడ పడినా వాటిలో ఒకటి రెండు దొరుకుతాయి. ఎల్బీనగర్‌లో భార్య, వారానికోసారి ఊరి నుంచి వచ్చే భర్త అయితే మాత్రం రోజులు తెలుసుకోవాల్సిందే.

రాబోయే రోజును చెప్పే గుర్తు ఒకటి ఒంట్లోనే ఉంది. దాని గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. అండం విడుదలకు ముందు కొద్ది రోజులు తెల్లబట్ట పల్చగా, జారుడుగా, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. వీర్యకణాలు ఈదుకుంటూ లోపలికి పోయేది దానిలోనే. మెల్‌బోర్న్‌లో జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ దంపతులు 1950ల నుంచి ఈ గుర్తు మీదే ఒక పద్ధతిని నిర్మించారు. మన దగ్గర అమ్మాయిలు దాన్ని చూసి జబ్బు అనుకుంటారు, వేడి చేసిందనుకుంటారు, సిగ్గుతో ఎవరికీ చెప్పరు. దురద, వాసన, పసుపో పచ్చో రంగు ఉంటే డాక్టరును చూడాలి. అవేమీ లేకుండా నెలకోసారి సాగే తెల్లబట్ట ఆరోగ్యం. నోటుపుస్తకంలో అంకె పక్కన ఈ మాట కూడా రాసుకున్నవాళ్లకు రేపటి సంగతి తెల్లబట్ట చెబుతుంది, నిన్నటిది నిజమేనని థర్మామీటరు చెబుతుంది. మూత్రంతో చూసుకునే ఓవ్యులేషన్ కిట్ అయితే అండం విడుదలకు ఒకటి ఒకటిన్నర రోజుల ముందు గీత చూపిస్తుంది. హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ సమస్య ఉన్నవాళ్లలో మాత్రం అది తప్పుగా పలకవచ్చు.

ఇక చేతి గడియారాలు, ఉంగరాలు వచ్చాయి. స్వీడన్‌లో ఎలీనా బెర్గ్‌లండ్ అనే భౌతిక శాస్త్రవేత్త తయారుచేసిన నేచురల్ సైకిల్స్ యాప్‌ను 2018 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భనిరోధక సాధనంగా అనుమతించింది. వాడేది ఉష్ణోగ్రతనే. నిద్రలో మణికట్టు దగ్గర వేడి చూసే గడియారాలు 2022 నుంచి అండం విడుదలను వెనక్కి తిరిగి లెక్కగడుతున్నాయి. నిద్ర సరిగా లేని నైట్ షిఫ్ట్ అమ్మాయిలకు ఇవి కొంత ఉపయోగమే. కాకపోతే ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటోందో చూసుకోవాలి. ఫ్లో అనే యాప్ వాడినవాళ్ల నెలసరి వివరాలు బయటి కంపెనీలకు చేరాయని 2021లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థే తప్పుపట్టింది. నోటుపుస్తకానికి ఆ బాధ లేదు, అత్తగారి చేతిలో పడకుండా చూసుకుంటే. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. కోడలి డేట్ ఎప్పుడొచ్చిందో ఇల్లంతా లెక్కపెట్టే ఇళ్లు మనకు తెలుసు. ఆ పుస్తకం ఆమెది. చూపించాలో వద్దో ఆమె నిర్ణయించుకోవాలి.

గీతలోకి రాని మనిషి

థర్మామీటరు ఆమె నాలుక కిందే ఉంటుంది. అందుకే తప్పు వెతకడం కూడా ఆమె దగ్గరే మొదలవుతుంది. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో మగవాళ్ల కారణం కూడా ఉంటుందని వైద్యం ఎప్పుడో చెప్పింది. ఆమె పట్టికలో నెలనెలా గీత చక్కగా ఎక్కి దిగుతున్నా గర్భం రావడం లేదంటే అటువైపు చూడాలి.

వేడి సంగతి మగవాళ్లకూ వర్తిస్తుంది, మరింత గట్టిగా. వృషణాలు ఒంటికి బయట ఉన్నది ఊరికే కాదు. వీర్యకణాలు తయారవ్వాలంటే ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉండాలి. సాగర్ రోడ్డు మీద పగలంతా ఇంజను పక్కన కూర్చుని లారీ నడిపేవాళ్లకు, తందూర్ పొయ్యి ముందు నిలబడేవాళ్లకు, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రంతా పనిచేసేవాళ్లకు ఇది తెలియాలి. పొగాకు, గుట్కా, మద్యం వేరే కారణాలు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ చాలామందిలో ఉంటుంది, దానికి వైద్యం ఉంది. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఇవాళ అలవాటు మానుకున్నా ఫలితం కనిపించేది మూడో నెలలో.

వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది, ఒక్క పూటలో అయిపోయేది. అయినా భార్యకు హార్మోను పరీక్షలు, వరసగా ఫాలిక్యులర్ స్కాన్‌లు, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, ఇన్ని అయ్యాక చివర్లో భర్త పరీక్షకు వస్తాడు. కొందరు అప్పుడూ రారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఆ ఆలస్యానికి మూల్యం ఆమె వయసుతో చెల్లిస్తోంది.

పట్టిక చెప్పలేనివీ ఉన్నాయి. గీత ఎక్కిందంటే అండం విడుదలైందని అర్థం, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయని కాదు. కొందరిలో విడుదలైనా గీత స్పష్టంగా ఎక్కదు, దాన్ని చూసి గుండె జారిపోనక్కర్లేదు. రెండు మూడు నెలలు వరసగా గీత చదునుగానే ఉంటే, డేట్ రెండు మూడు నెలలకోసారి వస్తుంటే మాత్రం ఏడాది దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పీసీఓఎస్, థైరాయిడ్ లాంటివి మందులకు లొంగేవే. ప్రొజెస్టిరాన్ రక్త పరీక్షను చాలామంది ఇరవై ఒకటో రోజున చేయించుకుంటారు. అది ఇరవై ఎనిమిది రోజుల లెక్క. రాబోయే డేట్‌కు ఏడు రోజుల ముందు చేయాలి కాబట్టి, ముప్పై అయిదు రోజులకు డేట్ వచ్చేవాళ్లు ఇరవై ఎనిమిదో రోజున చేయించుకోవాలి. తన పట్టిక తన చేతిలో ఉన్న అమ్మాయి ఈ మాట డాక్టరుతో తానే చెప్పగలదు. ఆ నోటుపుస్తకం విలువ నాకు కనిపించేది అక్కడే.

గర్భం వద్దనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. కేవలం థర్మామీటరును నమ్ముకోవడం ప్రమాదం. జర్మనీలో ఉష్ణోగ్రతనూ తెల్లబట్టనూ కలిపి చూసే పద్ధతి మంచి ఫలితాలిచ్చిందని 2007 నాటి అధ్యయనం చూపింది, అయితే అది శిక్షణ పొంది, నియమం తప్పకుండా పాటించినవాళ్ల లెక్క. డేట్లు అటూ ఇటూ అయ్యేవాళ్లు, ఈ మధ్యే కాన్పయినవాళ్లు వేరే పద్ధతి చూసుకోవడం మేలు.

ముప్పై అయిదేళ్ల లోపు అమ్మాయి ఏడాది ప్రయత్నించాక, ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవాలి. పెద్ద బోర్డున్న సెంటరుకే వెళ్లాలని లేదు, మొదటి పరీక్షలు ఏ గైనకాలజిస్టు దగ్గరైనా అవుతాయి. లక్షలు పోసే స్థితి లేనివాళ్ల కోసం గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు. ప్రైవేటులో వెళ్లేవాళ్లు ఆ సెంటరుకు 2021 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి చూడాలి, సర్టిఫికెట్ గోడ మీద కనిపించాలి. వెళ్లేటప్పుడు మూడు నెలల పట్టిక వెంట తీసుకెళ్లండి. భర్తను కూడా తీసుకెళ్లండి. వీర్య పరీక్షకు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులు మించకుండా ఎడం ఉండాలి కాబట్టి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ సంగతి చూసుకుంటే మొదటి రోజే ఆయన పరీక్ష అయిపోతుంది.